సామర్లకోట లక్కపురుగు, ఏటికొప్పాక బొమ్మ

ఇంటి తలుపుకు వేసే రంగు, పడవ అడుగున పూసే నూనె, చెక్కబొమ్మ మీద మెరిసే లక్క - ఇవన్నీ చేసే పని ఒక్కటే. లోపలి వస్తువుకూ బయటి ఎండకూ, గాలికీ, తేమకూ నడుమ పలుచని పొరగా నిలుస్తవి. ఆ పొర మందం సుమారుగా తలవెంట్రుక మందం. అంత పలుచని పొరలో ఏమేమి ఉన్నవో అడగాలని చాలాకాలం ఎవరికీ తోచలేదు. మెరుపు ఉన్నదా, మన్నుతుందా, ధర తక్కువా అని మాత్రమే అడిగేవారు. గత యాభై అరవై సంవత్సరాలుగా నాలుగో ప్రశ్న ఒకటి వీటికి తోడైంది. పూసే పనివానికి, దానిని నోట పెట్టుకునే పసిబిడ్డకు, చుట్టూ ఉన్న గాలికీ నీటికీ ఈ పొరవల్ల హాని లేదుకదా? ఈ ప్రశ్నకు నిదానంగా జవాబు చెప్పగల రంగులకు, వార్నీషులకు దేశదేశాలలో గిరాకి ఏటేటా పెరుగుతున్నది. ఆ జవాబులలో ఒకటి గోదావరి ప్రాంతానికి బొత్తిగా కొత్తది కాదు. దాని మొదటి శాస్త్రీయ పరిశీలనలలో ఒకటి 1789లో సామర్లకోటలోనే జరిగింది.

విలియం రాక్స్‌బర్గ్ స్కాట్లండు దేశస్థుడు. 1751లో పుట్టాడు. వైద్యం చదివి, 1776లో ఈస్టిండియా కంపెనీ కొలువులో మద్రాసు చేరాడు. 1780 తరువాతి సంవత్సరాలలో సామర్లకోటకు వచ్చి, 1793లో కలకత్తా వృక్షశాస్త్రోద్యానానికి వెళ్లేవరకు ఇక్కడనే ఉన్నాడు. ఆ రోజులలో సామర్లకోట కంపెనీ సైన్యానికి ఒక విడిది. నేడు అది కాకినాడ జిల్లాలో చేరిన పట్టణం, గోదావరి కాలువ నీరు అందే ఊరు. వైద్యుడుగా జీతం తీసుకుంటూ రాక్స్‌బర్గ్ అక్కడ ఒక ప్రయోగ వనం నడిపాడు. మిరియాలు, కాఫీ, దాల్చినచెక్క, పట్టుపురుగులకు మేతగా మల్బరీ - లాభం తేగలదని కంపెనీ ఆశించిన ప్రతి మొక్కనూ నాటి చూశాడు. ఇక్కడి రైతులు చెరకు పండించి పంచదార చేసే పద్ధతిని వివరంగా రాసి పెట్టాడు. స్థానిక చిత్రకారులచేత వందలకొద్దీ మొక్కల బొమ్మలు గీయించాడు. కోరమాండల్ తీరపు మొక్కలపై ఆయన వెలువరించిన మూడు సంపుటాలకు ఆ బొమ్మలే ప్రాణం. గీసినవారి పేర్లు మాత్రం ఆ పుటలకు ఎక్కలేదు.

1789 నవంబరు 20వ తేదీన కొండప్రాంతంనుంచి ఆయన వద్దకు కొన్ని కొమ్మలు వచ్చినవి. అవి తుమ్మజాతికి చెందిన వెల్తురు చెట్టు కొమ్మలు. వాటికి ఎర్రని గోధుమరంగులో గట్టి పెచ్చులు అంటుకొని ఉన్నవి. అది లక్క అని ఆ ప్రాంతంలో ఎవరినడిగినా చెప్పేవారు. గాజులకు, ముద్రలకు, బొమ్మల మెరుగుకు అది వాడుకలో ఉన్న పదార్థమే. ఐతే అది చెట్టు కార్చిన జిగురా, పురుగు కట్టిన గూడా అన్న విషయంలో పాశ్చాత్య శాస్త్రజ్ఞులకు ఇంకా స్పష్టత లేదు. 1781లో జేమ్స్ కెర్ అనే వైద్యుడు బెంగాలు లక్క పురుగును గురించి లండను రాయల్ సొసైటీ పత్రికలో రాశాడు కాని, చెప్పవలసినది ఇంకా మిగిలే ఉన్నది.

రాక్స్‌బర్గ్ చేసిన పని చాల సామాన్యమైనది. ఆ కొమ్మలను వెడల్పు మూతిగల గాజుసీసాలలో పెట్టి, పైన తేలికగా కప్పి, రోజూ చూస్తూ కూర్చున్నాడు. పదునాలుగవ రోజున, అంటే డిసెంబరు 4న, సీసాలోపల కదలిక కనబడింది. కంటికి ఆనీ ఆనని ఎర్రని పురుగులు వేలకొలదిగా లక్క పెచ్చులలోని సన్నని రంధ్రాలనుంచి బయటకు వచ్చి కొమ్మమీద పాకుతున్నవి. పెచ్చును కోసి సూక్ష్మదర్శినితో చూడగా, లోపల గదులు, గదుల నిండ ఎర్రని ద్రవం, అందులో గుడ్లు, పిల్లలు కనిపించినవి. చూసినదంతా వరుసగా రాసి, బొమ్మలు జతచేసి పంపాడు. ఆయనకు పూర్వం కంపెనీ వృక్షశాస్త్రజ్ఞుడుగా ఉన్న పాట్రిక్ రసెల్ ద్వారా ఆ వ్యాసం రాయల్ సొసైటీకి అంది 1791లో అచ్చయింది. శీర్షిక కింద రచయిత పేరుతోబాటు సామర్లకోట పేరుకూడ ఉన్నది. గోదావరి మండలంలో జరిగిన పరిశీలన ఒకటి ప్రపంచ విజ్ఞాన పత్రికలకు ఎక్కటం ఆ కాలంలో సామాన్య విషయం కాదు. ఖరీదైన పరికరం ఏదీ దీనికి అవసరం కాలేదన్నది ఉపాధ్యాయులు గమనించదగినది. సీసా, కటకం, రెండు వారాల ఓపిక చాలినవి.

ఈ పురుగును నేడు కెరియా లక్కా అంటారు; ఆ మొదటి మాట జేమ్స్ కెర్ పేరుమీద వచ్చింది. పిల్లపురుగు పొడవు సుమారు అర మిల్లీమీటరు. పుట్టిన కొద్దికాలంలోనే లేత కొమ్మను వెతుక్కొని, సూదివంటి నోటిని బెరడులోకి దించుతుంది. ఇక అక్కడినుంచి కదలదు. మోదుగ, రేగు మొదలైన చెట్లు దీనికి ఇష్టం. చెట్టు రసం పీల్చుతూ, ఒంటిమీది గ్రంథులనుంచి ఒక జిగురును స్రవిస్తూ, ఆ జిగురుతోనే తనచుట్టూ గూడు కట్టుకుంటుంది. వేల పురుగుల గూళ్లు ఒకదానితో ఒకటి అంటుకుపోయి కొమ్మ చుట్టూ కవచమవుతవి. ఆడపురుగుకు కాళ్లు కూడ పోతవి. అది ఆ గదిలోనే పెరిగి, గుడ్లు పెట్టి, అందులోనే చనిపోతుంది. ఒక కిలో లక్కకు సుమారు మూడు లక్షల పురుగులు పనిచేయవలసి ఉంటుందని లెక్క. లక్కకు సంస్కృతంలో లాక్షా అని పేరు. ఈ సంఖ్యనుబట్టే ఆ పేరు వచ్చిందని చెప్పేవారున్నారు.

కొమ్మనుంచి గీకిన కర్రలక్కను దంచి నీటిలో కడిగితే ఎర్రరంగు నీటిలోకి దిగుతుంది. మిగిలిన గింజలక్కను గుడ్డ సంచిలో పోసి నిప్పుసెగకు పట్టి పిండితే కరిగిన లక్క బయటకు వస్తుంది. దానిని పలుచగా సాగదీసి ఆరబెడితే రేకులక్క. ఒకే పురుగునుంచి ఈ విధంగా రెండు సరుకులు వస్తవి: ఒకటి బట్టకు వేసే రంగు, రెండవది చెక్కకు వేసే మెరుగు. కంపెనీ దృష్టి మొదటిదానిమీదనే ఎక్కువ. ఆనాటి ఐరోపాలో మేలైన ఎర్రరంగంటే మెక్సికో దేశపు కొచినీలు పురుగునుంచి వచ్చేదే. అది స్పెయినువారి గుత్త. దానికి ప్రత్యామ్నాయం కావాలి. మెరుగు సంగతి పట్టించుకున్నవారు తక్కువ. కాని కాలం ఆ లెక్కను తలకిందులు చేసింది. రంగు పోయింది, మెరుగు మిగిలింది.

రంగుకు గిరాకి ఉండటంవల్లనే ఆనాడు ఐరోపా వర్తకులు గోదావరి ముఖద్వారాలకు వచ్చారు. పాలకొల్లులో డచ్చివారు, ఇంజరంలోను నరసాపురం పక్కన మాధవాయపాలెంలోను ఇంగ్లీషువారు, యానాంలో ఫ్రెంచివారు గిడ్డంగులు కట్టుకొని కూర్చున్నది ఇక్కడి బట్టలకోసమే. ఆ బట్టలలో రంగుబట్టలకు చిరివేరునుంచి ఎరుపు, నీలిమొక్కనుంచి నీలం, కరక్కాయనుంచి పసుపు, నలుపు ఛాయలు వచ్చేవి; రంగు నిలవటానికి పటిక వాడేవారు. మాధవాయపాలెం పేరు ఇంగ్లీషువారి నోట మడపొల్లాం అయి, ఒక తరహా నూలుగుడ్డకు పేరుగా పరదేశపు నిఘంటువులలో నిలిచిపోయింది.

సామర్లకోటలో రాక్స్‌బర్గ్ చేసిన మరొక ప్రయోగం ఈ కథకు అత్యంత ముఖ్యం. నీలిమందు అనగానే పొలంలో వేసే నీలిమొక్క గుర్తుకు వస్తుంది. కాని ఈ ప్రాంతపు కొండవాలులలో, చిట్టడవులలో పెరిగే ఒక పాలచెట్టు ఆకునుంచికూడ నీలిమందు తీయవచ్చునని ఆయన నిరూపించాడు. అది అంకుడు చెట్టు. పాలకొడిశ అనికూడ అంటారు. నీలిమొక్కను మామూలుగా తొట్లలో నానవేసి పులియబెడతారు. అంకుడు ఆకులను ఆయన రాగిపాత్రలలో నీళ్లు పోసి మెల్లగా వేడిచేశాడు. వేడికి ఆకులోని వర్ణరహిత పదార్థం నీటిలోకి దిగుతుంది. ఆ నీటిని గాలి తగిలేటట్టు చిలికితే, గాలిలోని ఆమ్లజనితో కలిసి, నీటిలో కరగని నీలంగా మారి అడుగున చేరుతుంది. ఆయన ఆ చెట్టుకు గన్నేరుజాతి పేరు పెట్టాడు. తరువాత రాబర్ట్ బ్రౌన్ దానిని వేరుచేసి, విలియం రైట్ అనే స్కాటిష్ వైద్యుని పేరుమీద రైటియా టింక్టోరియా అన్నాడు. టింక్టోరియా అంటే అద్దకానికి పనికివచ్చేది అని లాటిను అర్థం. అంకుడు నీలిమందు పెద్ద వ్యాపారంగా ఎదగలేదు. పేరులోమాత్రం ఆ ప్రయోగపు గుర్తు నిలిచింది.

పందొమ్మిదవ శతాబ్ది రెండవ సగంలో అద్దకపు రంగుల లోకం తలకిందులైంది. 1856లో విలియం పెర్కిన్ అనే పద్దెనిమిదేళ్ల విద్యార్థి తారునుంచి ఊదారంగు తీశాడు. 1869కల్లా చిరివేరు, మంజిష్ఠల ఎరుపుకు మూలమైన ఎలిజరిన్‌ను, 1897లో నీలిమందును జర్మనీ కార్ఖానాలు చవకగా తయారుచేసి అమ్మసాగినవి. లక్కరంగు ఎగుమతి అడుగంటింది. లక్క జిగురుకు మాత్రం కొత్త బతుకు దొరికింది. ఫ్రెంచి పాలిషు, విద్యుత్ తీగలకు తొడుగు, గ్రామఫోను రికార్డు - ఇవన్నీ లక్కతోనే. లక్క ధర పెరిగిపోవటంవల్లనే దానికి బదులు వెతుకుతూ 1907లో లియో బేకలాండ్ బేకలైటును తయారుచేశాడు. ప్లాస్టిక్ యుగానికి తొలి వాకిలి తెరిచింది ఒక విధంగా ఈ పురుగే. 1948లో వినైల్ రికార్డు రావటంతో లక్కకు ఆ బజారుకూడ పోయింది.

ఇక ఆ పలుచని పొరలో దాగిన విషం సంగతి. నూనెరంగులో స్థూలంగా మూడు భాగాలు: రంగునిచ్చే పొడి, ఆ పొడిని వస్తువుకు పట్టి ఉంచే బంధకం, రెండింటినీ పలుచన చేసే ద్రావకం. బంధకం అవిసె నూనె. అది గాలిలోని ఆమ్లజనిని పీల్చి గట్టిపడుతుంది. ద్రావకం టర్పెంటైను, తరువాత కిరసనాయిలు జాతి నూనెలు. తెల్లని పొడి చాలాకాలం సఫేదా, అంటే సీసపు సుద్ద. ఇనుముకు తుప్పు పట్టకుండ వేసే తొలిపూత ఎర్రని సీసభస్మం, మనవారి సింధూరం. 1897లో మొదలై 1900లో పూర్తయిన రాజమండ్రి హేవ్‌లాక్ వంతెనవంటి ఉక్కు కట్టడాల కాలమంతా ఆ ఎర్రపూత రాజ్యమే. నిమ్మపండు పసుపు కావలిస్తే సీసపు క్రోమేటు. కప్పే శక్తి, మన్నిక, ఆరే వేగం - మూడింటిలోను సీసానికి సాటి లేదు. అందుకే అది అంతకాలం నిలిచింది.

ఆస్ట్రేలియాలోని బ్రిస్బేన్ నగరంలో పిల్లలకు కాళ్లు చచ్చుబడటం, చూపు మందగించటం చూసిన లాక్‌హార్ట్ గిబ్సన్ అనే కంటివైద్యుడు 1904లో కారణం పట్టుకున్నాడు. ఇళ్ల వసారాలలోని కటకటాల రంగు ఎండకు పొడిపొడిగా రాలుతున్నది. ఆ పొడి పిల్లల చేతులకు అంటి నోట్లోకి పోతున్నది. సీసం రూపురేఖలలో శరీరానికి కాల్షియంవలె భ్రమ కలిగిస్తుంది. అందుచేత ఎముకలలో చేరి ఏళ్లతరబడి ఉంటుంది, ఎదిగే మెదడులో నాడీకణాల పనికి అడ్డుతగులుతుంది. పెద్దవారికంటె పిల్లలు తిన్న సీసాన్ని ఎన్నోరెట్లు ఎక్కువగా ఒంటికి పట్టించుకుంటారు. ఇంత అని పరిమితి చెప్పి అంతవరకు ప్రమాదం లేదనటానికి వీలులేదని ప్రపంచ ఆరోగ్యసంస్థ అభిప్రాయం. 1921లో అంతర్జాతీయ కార్మికసంస్థ ఇళ్లలోపల సఫేదా వాడకాన్ని నిషేధించే ఒడంబడిక చేసింది. అయినా అమెరికా ఇళ్ల రంగులలో సీసాన్ని నిషేధించింది 1978లో. మన దేశంలో ఇళ్లకూ అలంకరణకూ వాడే రంగులలో పదిలక్షల భాగాలకు 90 భాగాలకు మించి సీసం ఉండరాదన్న నియమాలు 2016 నవంబరులో ప్రకటింపబడి, మరుసటి సంవత్సరం అమలుకు వచ్చినవి. గిబ్సన్ హెచ్చరికకూ దీనికీ నడుమ 112 సంవత్సరాలు. తెలియకపోవటంవల్ల జరిగిన జాప్యం కాదిది.

సామర్లకోటనుంచి రైలుదారిన ఈశాన్యంగా, తుని దాటి పోతే, వరాహ నది ఒడ్డున ఏటికొప్పాక కనబడుతుంది. పూర్వపు విశాఖపట్నం జిల్లాలోనిది, 2022 తరువాత అనకాపల్లి జిల్లాలో చేరింది. అక్కడి చెక్కబొమ్మలు, కుంకుమ భరిణెలు, బొంగరాలు, లక్కపిడతలు తెలియని తెలుగు ఇల్లు తక్కువ. ఆ బొమ్మల కర్ర అంకుడు. రాక్స్‌బర్గ్ ఏ చెట్టు ఆకునుంచి నీలిమందు తీశాడో ఆ చెట్టే. ఆ బొమ్మల మెరుగు లక్క. ఆయన ఏ పురుగును సీసాలో పెట్టి చూశాడో ఆ పురుగుదే. ఈ పోలిక కేవలం యాదృచ్ఛికమే కావచ్చును. అంకుడు కర్ర తెల్లగా, మెత్తగా, పొర కనబడకుండ ఉండి, తరిమెనపట్టుకు చక్కగా లొంగుతుంది. లక్క ఆ నున్నని కర్రను బాగా పట్టుకుంటుంది. రెండూ ఈ కొండల సరిహద్దులలో దొరికేవే.

లక్క పూసే పద్ధతి చూడటానికి ఆటలా ఉంటుంది. అందులోని భౌతికశాస్త్రం మాత్రం గట్టిది. లక్కను వెచ్చచేసి, రంగు కలిపి, జీడిపాకంలాగ మళ్లీమళ్లీ సాగదీసి మడిచి కడ్డీలు చేస్తారు. తరిమెనమీద గిరగిర తిరిగే బొమ్మకు ఆ కడ్డీని అదిమిపెడతారు. రాపిడికి వేడి పుడుతుంది; లక్క డెబ్బది ఎనుబది డిగ్రీలకే మెత్తబడేది గనుక ఆ వేడి చాలు. కరిగిన లక్క కర్రమీద పలుచగా పరుచుకుంటుంది. పైన మొగలి ఆకుతో ఒత్తి పట్టుకుంటే పొర సమమై అద్దంలాగ మెరుస్తుంది. ఇందులో ద్రావకం లేదు. ఆరవలసినది లేదు, గాలిలోకి ఆవిరయ్యేది లేదు, వాసన లేదు. రాపిడి ఆగితే పొర గట్టిపడినట్లే. ద్రావకంతో పనిలేని పూతలకోసం నేటి పెద్ద కార్ఖానాలు పొడిరంగును విద్యుదావేశంతో అంటించి కొలిమిలో కరిగిస్తున్నవి. సూత్రం రెంటికీ ఒకటే. ఏటికొప్పాకలో కొలిమి పని తరిమెన చేస్తుంది.

లక్క నిర్దోషమైనా, అందులో కలిపే రంగు నిర్దోషం కాకపోవచ్చును. ఇరవయ్యవ శతాబ్దిలో అంగడిలో దొరికే రసాయనపు రంగులు చవకగా, కళ్లు చెదిరేటట్టు వచ్చేసరికి ఆకులు, వేళ్లు ఉడికించి రంగు తీసే శ్రమ ఎవరికి కావాలి? పాతవిద్య మరుగునపడింది. 1990 ప్రాంతంలో ఆ ఊరివాడే అయిన సి.వి. రాజు దానిని తిరిగి పైకి తేవటానికి పూనుకున్నాడు. పసుపునుంచి పసుపుపచ్చ, జాఫ్రా గింజలనుంచి నారింజ, లక్కనుంచే ఎరుపు, నీలిమందునుంచి నీలం, రెండిటిని కలిపి ఆకుపచ్చ - ఈ విధంగా ఒక్కొక్క రంగును మళ్లీ సాధించవలసివచ్చింది. చిక్కు ఎక్కడున్నదంటే, ఆకురంగులు ఎక్కువగా నీటిలో కరుగుతవి, లక్క నీటిలో కరగదు. రంగునీటిలో పటికవంటి లవణం వేస్తే రంగు అణువులు అల్యూమినియముతో కూడి నీటిలో కరగని పొడిగా కిందికి దిగుతవి. అట్టి పొడిని లక్కలో కలపవచ్చును. ఇట్టి పొడిరంగులను ఇంగ్లీషువారు లేక్ అంటారు. ఆ మాటకూడ మన లక్కనుంచి పుట్టినదే. ఏటికొప్పాక బొమ్మలకు 2017లో భౌగోళిక గుర్తింపు లభించింది. రాజుకు 2023లో పద్మశ్రీ వచ్చింది.

ఈ శ్రమకు ప్రతిఫలం కొంతవరకు బయటి ప్రపంచంలో వచ్చిన మార్పువల్ల దక్కింది. 2007లో సీసపు రంగు కారణంగా అమెరికా బజారులనుంచి లక్షలకొలదీ ఆటబొమ్మలను వెనక్కు తెప్పించవలసివచ్చింది. మరుసటి సంవత్సరమే అక్కడ కొత్త చట్టం చేశారు. 2009నుంచి బొమ్మల రంగులో సీసం పదిలక్షలకు 90 భాగాలు దాటరాదన్నారు. అదే ఏడు ఐరోపా సమాజం 19 మూలకాలకు పరిమితులు విధిస్తూ బొమ్మల నిబంధనలను కట్టుదిట్టం చేసింది. మన దేశంలో 2021 జనవరినుంచి ఆటబొమ్మలకు ప్రమాణముద్ర తప్పనిసరి అయింది. నమోదైన చేతివృత్తులవారికి, భౌగోళిక గుర్తింపు పొందిన బొమ్మలకు మినహాయింపు ఇచ్చారు. మినహాయింపు చిన్న పనివారికి ఊరటే కాని, ఓడనెక్కే సరుకుకు అది పనికిరాదు. దిగుమతి దేశపు పరీక్ష తప్పదు. అక్కడ పాత వేరురంగు చేతికి ఆయుధమైంది.

ఐతే ప్రకృతిలో దొరికినదల్లా మంచిదనుకుంటే పొరపాటు. పూర్వపు చిత్రకారులు వాడిన హరిదళం పసుపు పాషాణజాతి, అంటే ఆర్సెనిక్ గంధకంతో కూడినది. ఇంగిలీకపు ఎరుపులో పాదరసం ఉన్నది. సఫేదా సంగతి పైన చెప్పుకున్నదే. ఇవన్నీ యంత్రయుగానికి ఎంతో పూర్వంనుంచి ఉన్నవే. ఇటు తెల్లదనానికి నేడు ప్రపంచమంతా వాడే టిటానియం భస్మం పెద్ద కార్ఖానాల సరుకు. ఇరవయ్యవ శతాబ్ది రెండవ దశాబ్దిలో నార్వే, అమెరికాలలో పుట్టింది. సఫేదాను ఇళ్లలోనుంచి వెళ్లగొట్టింది ముఖ్యంగా అదే. కనుక పాతదా కొత్తదా, చెట్టుదా కార్ఖానాదా అని కాక, పొరలో ఏ మూలకం ఉన్నది, అది నోటికి చేరితే, గాలిలో కలిస్తే ఏమవుతుంది అని అడగటం మేలు.

గాలి సంగతికి వస్తే లాస్‌ఏంజిలిస్ నగరం చెప్పుకోవాలి. 1950 తరువాతి కొద్ది సంవత్సరాలలో హాగెన్-స్మిట్ అనే రసాయనశాస్త్రజ్ఞుడు అక్కడి కళ్లు మండించే పొగమంచు గుట్టు విప్పాడు. నూనె ఆవిరులు, మోటారు పొగలోని నత్రజని భస్మాలు ఎండలో కలిసి ఓజోను పుట్టిస్తున్నవి. ఆరుతున్న రంగునుంచి లేచే ఆవిరికూడ అందులో పాలుపంచుకుంటుంది. 1966లో ఆ ప్రాంతంలో ద్రావకాలపై నిబంధన వచ్చింది. 1978లో జర్మనీ నీలిదేవత ముద్రను, 2004లో ఐరోపా సమాజం ఆవిరయ్యే ద్రావకాలకు పరిమితులను తెచ్చినవి. ఈలోపల ద్రావకంగా నీటినే వాడే రంగులు అమెరికాలో 1948లోను, వాటిలో మేలిరకమైన ఎక్రిలిక్ రంగులు 1953లోను బయలుదేరినవి. నేడు గోడకు వేసే ఎమల్షను అన్నది ఆ కుటుంబానిదే.

నీటితో కలిపే రంగు ఈ డెల్టాకు మాత్రం ఎప్పుడు కొత్తది? కోనసీమలోను, కొల్లేటి ఒడ్డునా, సముద్రపు పాయల వెంబడీ ఏరిన నత్తగుల్లలను ఊకతోనో కట్టెలతోనో బట్టీలలో కాల్చి గుల్లసున్నం చేసేవారు. గుల్ల కాలినప్పుడు బొగ్గుపులుసు వాయువు పోయి పొడిసున్నం మిగులుతుంది. నీరు పోస్తే ఉడికి తడిసున్నమవుతుంది. గోడకు పూసిన తరువాత అది గాలిలోని బొగ్గుపులుసు వాయువును తిరిగి పీల్చి, మళ్లీ గుల్ల ఏ పదార్థమో ఆ పదార్థంగానే గట్టిపడుతుంది. గాలిలోకి లేచేది వట్టి నీటి ఆవిరి. తడిసున్నపు క్షారతవల్ల బూజు, సూక్ష్మజీవులు నిలువలేవు. పండుగకు పండుగకు వెల్ల వేసే ఆచారం వెనుక ఈ మేలుకూడ ఉన్నది. లోపమేమంటే వాన దెబ్బకు కొట్టుకుపోతుంది, చేతికి అంటుతుంది, ఏటా పని పెడుతుంది. కట్టెలతో కాల్చిన బట్టీ పొగకూడ లెక్కలో వేసుకోవాలి.

డెల్టాకు దక్షిణపు కొసన, సముద్రానికి చేరువగా మోరి గ్రామం ఉన్నది. జీడిపప్పుకు పేరుపడిన ఊరు. బ్రెజిలునుంచి పోర్చుగీసువారు పదహారవ శతాబ్దిలో తెచ్చిన ఈ చెట్టుకు మనవారు పెట్టుకున్న పేరు జీడిమామిడి. ఈ పేరులో గొప్ప పరిశీలన ఉన్నది. అసలు జీడి ఈ దేశపుదే, నల్లజీడి. చాకలివారు బట్టలమీద గుర్తు పెట్టేది దాని గింజరసంతోనే, సున్నం తగిలితే ఆ గుర్తు చెరగని నలుపవుతుంది. కొత్తగా వచ్చిన చెట్టు కాయ చిప్పలోను అదేవిధమైన చర్మం పొక్కించే రసం ఉండటం చూసి, పండు మామిడిని తలపిస్తున్నది గనుక, రెండు పేర్లు కలిపేశారు. వృక్షశాస్త్రజ్ఞులు తరువాత నల్లజీడి, జీడిమామిడి, మామిడి మూడూ ఒకే కుటుంబానివని తేల్చారు. జపానువారి ప్రసిద్ధ లక్కపూతకు రసమిచ్చే చెట్టుకూడ ఆ కుటుంబంలోనిదే. నల్లజీడి, జీడిమామిడి, జపాను లక్క చెట్టు - ఈ మూడింటి రసాలలోను ఫీనాలు జాతి వలయానికి పొడుగాటి కర్బనపు తోక తగిలించిన అణువులున్నవి. వలయం అంటుకునే గుణాన్ని, తోక నీటిని తోసే గుణాన్ని ఇస్తుంది.

జీడిమామిడి చిప్ప బరువులో సుమారు నాలుగో వంతు ఈ నూనె. వేడిచేస్తే అందులోని ఆమ్లం బొగ్గుపులుసు వాయువును వదలి కార్డనాల్ అనే ఫీనాలుగా మారుతుంది. 1920 తరువాత అమెరికాలో మార్టిమర్ హార్వే దీనినుంచి వార్నీషులు, రెజినులు తయారుచేసి చూపించాడు. నేడు ఓడల లోపలి తొట్లకు, వంతెనలకు వేసే ఇపాక్సీ పూతలను గట్టిపరచటానికి కార్డనాల్ సంబంధమైన పదార్థాలు వాడుతున్నారు. చలిలోను, తడి ఇనుముమీదకూడ అవి పట్టుకోగలవు. పప్పు తీయగా మిగిలిన చెత్త కనుక దీనికోసం ప్రత్యేకంగా పొలం అక్కరలేదు. కాని ఇపాక్సీలో తక్కిన భాగం మట్టినూనె సంతతే కాబట్టి, డబ్బాపై ఆకుపచ్చ ముద్ర చూసి అంతా చెట్టునుంచే వచ్చిందనుకోరాదు. మరొక సంగతి. పిక్కలు కొట్టి పప్పు తీసేవారు ఎక్కువగా స్త్రీలు. ఆ రసం వేళ్లకు తగిలి చర్మం పొక్కుతుంది, నల్లబడుతుంది. బూడిదో, నూనెో రాసుకొని పనిచేస్తారు. పరిసరాలకు మేలుచేసే పూత అని పేరుపెట్టే లెక్కలో ఆ చేతులనుకూడ చేర్చుతున్నవారు అరుదు.

లక్కకు తిరిగి వద్దాం. 1924లో రాంచీ సమీపాన నామ్‌కుంలో స్థాపించిన లక్క పరిశోధనాలయం ఈ పురుగుమీదనే ఏళ్లతరబడి పనిచేసింది. దేశపు లక్కలో హెచ్చుభాగం నేడు జార్ఖండు, ఛత్తీస్‌గఢ్ అడవులనుంచి వస్తున్నది; గిరిజన కుటుంబాలకు అది రొక్కం తెచ్చే పంట. గ్రామఫోను బజారు పోయినా, తినదగిన పొర కావటంవల్ల లక్కకు మరొక బజారు దొరికింది. మాత్రలకు, మిఠాయిలకు, ఎగుమతి పండ్లకు మెరుగుపొరగా వేస్తారు. ఐరోపా ఆహారపదార్థాల పట్టికలో దాని సంఖ్య 904. లోపాలు లేకపోలేదు. వేడి పాత్ర పెడితే లక్క మెత్తబడుతుంది, తడి నిలిస్తే తెల్లబారుతుంది, సారాయి పడితే కరుగుతుంది, సబ్బుక్షారానికి ఓడుతుంది. ఆరుబయట తలుపుకు అది పనికిరాదు. బొమ్మకు, భరిణెకు, పెట్టెకు తగినది.

వేరురంగుల పెద్ద లోపం ఎండకు వెలియటం. దీనిని ఏ పాఠశాలలోనైనా చూడవచ్చును. దళసరి తెల్లకాగితంమీద పక్కపక్కన రెండు పట్టీలు పూయాలి: ఒకటి నీటిలో కలిపిన పసుపు, రెండవది జల్లించి జిగురునీటితో కలిపిన ఎర్రమట్టి. ఆరిన తరువాత రెండు పట్టీలకూ అడ్డంగా సగభాగాన్ని నల్లని అట్టతో కప్పి, కిటికీలో ఎండ తగిలేచోట వారంరోజులు ఉంచాలి. అట్ట తీసి చూస్తే పసుపు పట్టీలో కప్పిన సగం నిండుగాను, కప్పని సగం వెలవెలబోయి కనబడుతుంది; ఎండలోని శక్తికి పసుపు అణువు విరిగిపోతుంది. ఎర్రమట్టి పట్టీలో రెండు సగాలకూ తేడా ఉండదు. ఎర్రమట్టి రంగు ఇనుప భస్మానిది. అది పట్టుకోగల ఆమ్లజనినంతా ఎప్పుడో పట్టుకున్నది.